సింకు కింద పాత ఇనప పైపు పూడుకుపోయింది, యాసిడ్ పోయొచ్చా?

ప్రశ్న (కావలి):
మాది నలభై ఏళ్ల నాటి ఇల్లు, మా నాయన కట్టించింది. వంటింటి సింకు నుంచి గోడలో గుండా పెరట్లో చాంబరు దాకా పోయేది ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు. నాలుగు రోజులుగా నీళ్లు దిగడంలా. పొద్దున గంజి వారిస్తే మధ్యాహ్నం దాకా సింకులోనే ఉంటా ఉంది. ఆదివారం చేపల పులుసు దాకలు కడిగినప్పట్నుంచి మరీ ఎక్కువైంది. అంగట్లో అడిగితే బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఇచ్చారు, ఇంకా మూత తీయలా. మా అమ్మకి ఆయాసం, ఆ పొగ అంటే నాకు భయం. ప్లంబరేమో గోడ పగలగొట్టి అంతా పీవీసీ వేయాలంటున్నాడు. నాయన దగ్గరుండి కట్టించుకున్న గోడ, దాన్ని ముట్టుకోబుద్ధి కావడంలా. వేరే దోవ ఉందా?

జవాబు (ఒంగోలు):
ఆ మూత తీయొద్దమ్మా. ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను. యాసిడ్‌కి జిడ్డు కరగదు. అది తినేది పైపు లోపలి జింకు పూతని, ఆ తర్వాత ఇనుముని. మరలు కోసిన చోట పైపు పలచగా ఉంటుంది, కారడం అక్కడే మొదలవుతుంది. గోడలో కారితే నీకు తెలిసేసరికి సున్నం ఉబ్బి ఉంటుంది. పొరపాటున యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ పౌడర్ పడిందంటే క్లోరిన్ లేస్తుంది, మీ అమ్మగారు ఉన్న ఇంట్లో ఆ మాటే వద్దు. కాస్టిక్ సోడా జిడ్డుని పట్టుకుంటుంది గానీ, దానికీ జింకు పడదు. పైగా అడ్డం వీడకపోతే ఆ మంట నీళ్లు సింకులోనే నిలబడతాయి, తర్వాత చేయి పెట్టేవాళ్లకి కాలుతుంది.

ముందు సింకు కింద నీళ్లు నిలబడే వంపు పైపు విప్పు, బక్కెట్ పెట్టుకో. నట్టు బిగుసుకుపోయి ఉంటే రాత్రి కాస్త కిరసనాయిలు రాసి వదిలెయ్. విప్పేటప్పుడు రెండు రెంచీలు కావాలి. ఒకటి గోడలోకి పోయే పైపుని కదలకుండా పట్టుకోడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్క రెంచీతో లాగారంటే గోడ లోపల పైపు మర కోసిన చోటే తెగుతుంది, నేను చూసిన ఇళ్లల్లో సగం గోడలు అట్టా పగలగొట్టినవే.

వంపులో ఏమీ లేకపోతే పెరట్లో చాంబరు వైపు నుంచి స్ప్రింగు, అంటే పైపులో అడ్డం తీసే పొడవాటి వంగే తీగ, తోయి. ఒకే పక్కకి తిప్పుతా తోయాలి, వెనక్కి తిప్పితే మెలిపడి లోపలే ఇరుక్కుంటుంది. వెదురు బద్ద మాత్రం వద్దు, విరిగితే తీయలేవు.

జవాబు (కందుకూరు):
మాది ఉప్పు బోరు. స్ప్రింగుతో పాటు ఎర్రటి తుప్పు పెచ్చులు వస్తే పైపు చివరికొచ్చినట్టే. మేము గోడ జోలికి పోకుండా బయటి ముక్క మాత్రం మార్పించాం, రెండేళ్లుగా బాగానే ఉంది.

మళ్లీ (కావలి):
పెద్దాయనా, వంపులో ఏమీ లేదు. చాంబరు నుంచి రెండు మూరలు పోయాక స్ప్రింగు ఆగింది. అరగంట తిప్పితే గంజీ జిడ్డూ కలిసి మైనంలా గట్టిపడిన ముద్దలు వచ్చినాయి. తుప్పు కొంచెమే. సబ్బు పొడి కలిపిన వేణ్ణీళ్లు రెండు బిందెలు పోస్తే గడగడా దిగినాయి. యాసిడ్ సీసా వాపసు ఇచ్చేశాను. ఇక గంజి సింకులో పోయడంలా, పక్కింటి బర్రెకి పోస్తున్నా.