స్నేహితుడి బోటులో వేటకు వెళ్లి వాళ్ల వేట చెడగొట్టాను, ఈ బాకీ ఎలా తీర్చాలి?

చీమకుర్తి లెక్కలు:

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. కావలి జవహర్ భారతిలో డిగ్రీ చదివేటప్పుడు తుమ్మలపెంట వైపు పాలెం నుంచి వచ్చే ఒకడు నాకు ప్రాణ స్నేహితుడయ్యాడు. చదువయ్యాక వాడు వాళ్ల నాన్న బోటే పట్టుకున్నాడు. "ఒక్క రాత్రి రారా, మా సముద్రం చూద్దువు" అని పన్నెండేళ్ల నుంచి పిలుస్తున్నాడు. ఫిబ్రవరిలో అమావాస్య ముందు రోజు వెళ్లాను. వెన్నెల ఉంటే చేపకు వల కనబడుతుందట, అందుకని చీకటి రాత్రులే వాళ్లకు మంచివి.

సాయంత్రం నాలుగింటికి బయల్దేరాం. ఫైబర్ బోటు. మావాడు, వాడి బాబాయి, ఒక కుర్రాడు, నేను. ఒడ్డు దగ్గర అలలు దాటేటప్పుడు బోటు ముక్కు లేచి లేచి పడుతుంటే భయం వేసింది. దాటాక అంతా నెమ్మది. రెండు గంటలు పోయేసరికి సరుగుడు తోపులు కూడా కనబడలేదు. బాబాయి తాడుకు ఇనుప ముక్క కట్టి వదిలి, చేతులు చాపి కొలిచి "ఇరవై బారలు" అన్నాడు. చీకటి పడ్డాక వల వదిలారు. వల తాకిన చోటల్లా నీళ్లు పచ్చగా మెరిశాయి. అంత అందం నేనెక్కడా చూడలేదు.

ఇంజను ఆపాక మొదలైంది. వల చివర తాడుకు బోటు కట్టేసి, అది ఎటు ఊగితే అటు ఊగుతూ తెల్లవారుజాము దాకా ఉండాలి. గంటలో నాలుగు సార్లు వాంతి చేసుకున్నాను. గుక్కెడు నీళ్లు తాగినా నిలవలేదు. చేతి వేళ్లు కొంకర్లు పోతుంటే మావాడు టెన్షన్ పడి పదింటికే వల లాగించేశాడు. బుట్టెడు కానాగంతలు, ఒక్క వంజరం. ఆ రాత్రే పక్క బోట్లకు వంజరం బాగా పడిందని తర్వాత తెలిసింది.

డీజిలుకు, ఐసుకు పెట్టింది కూడా రాలేదు. ఫోన్‌లో ఐదు వేలు పంపితే ఆ నిమిషంలోనే తిరిగి పంపాడు. "నన్ను కిరాయి బోటు వాడిని చేస్తావా?" అని కోప్పడ్డాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఈ బాకీ ఎలా తీర్చాలి? ఇంకోటి, నాకు మళ్లీ వెళ్లాలని గట్టిగా ఉంది. నా ఒంటికి అది సాధ్యమేనా?

కొత్తపట్నం అమ్మాయి:

అన్నా, మాది వేట చేసే ఇల్లే. మా అమ్మ ఒంగోలులో చేపలు అమ్మి నన్ను చదివించింది. మీరు మీ స్నేహితుడి నష్టం ఒక్కటే లెక్క వేశారు. బోటు ఒడ్డుకు వచ్చాక సరుకు అమ్మిన డబ్బులో ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలింది పాలు, అంటే వాటాలు, వేస్తారు. బోటుకు, ఇంజనుకు, వలకు ఇంత అని పోను, ఎక్కిన మనుషులకు తలా ఒక పాలు. ఎవరికెంత అన్నది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. ఖర్చే రాలేదంటే బాబాయికి, ఆ కుర్రాడికి రాత్రంతా పోయి చేతికి రూపాయి రానట్టు. మీ స్నేహం మీ ఇద్దరిది. ఆ కుర్రాడికి ఆ రాత్రి కూలి అంతే.

మీ స్నేహితుడికి డబ్బు ఇవ్వకండి, నిజంగానే బాధపడతాడు. "ఆ ఇద్దరి పాలు ఇది" అని చెప్పి ఆయన చేతికే ఇవ్వండి. ఆయన్ని దాటి నేరుగా వాళ్లకు మాత్రం ఇవ్వొద్దు, బోటు ఆయనకు అది చిన్నతనం. పాలు అన్న మాట వింటే ఆయన కాదనలేడు. వాళ్లకు ఇవ్వాల్సింది ఆయనే కదా.

నెల్లూరు నర్సు:

రెండో ప్రశ్నకు చెబుతాను. మన చెవి లోపలి భాగం "ఊగుతున్నాం" అంటుంది, కన్ను బోటులోని వస్తువులను చూసి "కదలడం లేదు" అంటుంది. ఆ రెండూ కుదరక వచ్చే తిప్పట ఇది. పగలైతే సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తూ ఉంటే చాలామందికి తగ్గుతుంది. మీరు వెళ్లింది అమావాస్య చీకట్లో. చూడటానికి ఆ గీతే లేదు. పైగా బోటు నడిచేటప్పటి కంటే ఆగి ఊగేటప్పుడే ఇది ఎక్కువ. మీ ఒంట్లో లోపం ఉందనుకోకండి.

వాంతులు రాకుండా వేసుకునే ప్రోమెథజీన్ రకం మాత్ర బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందే పడాలి. వాంతులు మొదలయ్యాక మింగితే నిలవదు. మత్తు వస్తుంది, కొందరికి పడదు కూడా, కాబట్టి డాక్టరును అడిగాకే వేసుకోండి. ఖాళీ కడుపుతో వద్దు, చేపల పులుసుతో కడుపు నిండా తిని కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. బోటు ముక్కు వైపు కాకుండా నడిమికి కూర్చోండి, డీజిలు పొగ మీదికి రాకుండా చూసుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లి గుక్క గుక్కగా తాగండి. వేళ్లు కొంకర్లు పోయేదాకా వచ్చిందంటే వల లాగించి మీ స్నేహితుడు మంచి పని చేశాడు.

పాత సరంగు:

నాయనా, ఇంత రాశావు, లైఫ్ జాకెట్ మాట ఎక్కడా లేదు. నలభై ఏళ్లు సముద్రం మీద ఉన్నాను. ఈత వచ్చినవాళ్లే రాత్రిపూట పడి దొరక్కుండా పోయారు. వేట బోటు మనుషులను తిప్పేది కాదు. మళ్లీ పోతే ముందు మెరైన్ పోలీసులను అడిగి, వాళ్లు సరేనంటేనే పో. కోస్ట్ గార్డ్ నంబరు 1554 గుర్తు పెట్టుకో. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు గాలి, అలల సంగతి, చేప ఎక్కడ దొరకవచ్చో తెలుగులోనే ఇస్తారు. అది చూడకుండా కదలవద్దు.

రాత్రి వల బోటు నీకిప్పుడే వద్దు. పగలు గేలాలకు పోయే రోజు అడుగు. తెల్లారి పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తారు, నువ్వూ ఒక తాడు పట్టుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. నిషేధం తీరిన వెంటనే మాత్రం పోకు. రెండు నెలలు ఆదాయం లేక ఉన్నవాళ్లకు ఆ వారం వేట చాలా ముఖ్యం. నిషేధం రోజుల్లో పాలెం పో. అందరూ ఒడ్డున కూర్చుని వలలు బాగు చేసుకుంటుంటారు. పక్కన కూర్చుని నువ్వూ చెయ్యి వెయ్యి.

చీమకుర్తి లెక్కలు:

అమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాను. "పాలు" అనగానే వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి ఇద్దరికీ తన జేబులోంచే ఇచ్చాడట, అది నాకు చెప్పలేదు. సగం తీసుకున్నాడు, సగం వెనక్కి ఇచ్చాడు. నేను పట్టుబట్టలేదు.

సరంగు గారూ, ఆ రోజు బోటులో రెండు జాకెట్లు ఉన్నాయి. వాటి మీద ఐసు పెట్టె పెట్టారు. నేను అడగలేదు, ఎవరూ వేసుకోలేదు. నాలుగు కొన్నాను. మావాడు వీటికి డబ్బు తిప్పి పంపలేదు.

నిషేధం మొదలయ్యాక వచ్చే మొదటి ఆదివారం పాలెం వెళ్తున్నాను. బాబాయి వల అల్లే సూది ఒకటి నా కోసం పక్కన పెట్టాడట.