పదో తరగతిలో త్రికోణమితి తగ్గించి వడ్డీలు, గజాలు నేర్పాలా?

గాజువాక తండ్రి:
మా అబ్బాయికి పదిలో లెక్కలకు మంచి మార్కులే వచ్చాయి. బండి ఫైనాన్స్ కాగితం చేతికిస్తే మాత్రం తేల్చలేకపోయాడు. లక్ష అప్పు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, రెండేళ్ల గడువు. మొత్తం వడ్డీ 24,000, నెలకు వాయిదా సుమారు 5,167. "నూటికి రూపాయి వడ్డీయే కదా నాన్నా" అన్నాడు. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ చివరిదాకా లక్ష మీదే వేస్తున్నారు. మిగిలిన బాకీ మీద లెక్కేస్తే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. సైన్ తీటా, కాస్ తీటా తగ్గించి ఇలాంటివి పెట్టాలి.

మద్దిలపాలెం వాసి:
నాదీ అదే మాట. పూర్ణా మార్కెట్లో కూరగాయలమ్మే అక్క ముప్పావు కిలో ధర నోటితో చెప్పేస్తుంది. డిగ్రీ చదివినవాళ్లు ఫోన్ తీస్తున్నారు.

లెక్కల మాస్టారు, ఎం.వి.పి. కాలనీ:
వడ్డీ సంగతి ఒప్పుకుంటానండీ. చక్రవడ్డీ ఎనిమిదిలోనే చెబుతాం, కానీ వాయిదాల కాగితం పిల్లలకు చూపించే బడులు తక్కువ.

జ్యామితి జోలికి మాత్రం రావద్దు. మధురవాడ వైపు స్థలం కొంటున్నారనుకోండి. ఎదురెదురు భుజాలు సమానం, 30, 40 అడుగులు. బ్రోకర్ రెండూ గుణించి 1,200 చదరపు అడుగులు, అంటే 133 గజాలు అంటాడు. మూల నుంచి మూలకు టేపు పట్టండి. 50 అడుగులొస్తే లెక్క సరే. 56 వచ్చిందా, స్థలం పక్కకు ఒరిగింది. అప్పుడు ఉన్నది సుమారు 128 గజాలే. దాదాపు అయిదు గజాల డబ్బు ఊరికే పోతుంది! మూలమట్టం చూడటానికి మేస్త్రీలు మూడు, నాలుగు, అయిదు కొలతలు పెట్టేదీ ఇందుకే.

గాజువాక తండ్రి:
మాస్టారూ, మీరు చెప్పింది పైథాగరస్, మూడు భుజాల కొలతలతో త్రిభుజ వైశాల్యం తేల్చే హెరాన్ సూత్రం. అవి ఉండాల్సిందే. త్రికోణమితి వేరు కదా? లైట్‌హౌస్ మీంచి చూస్తే పడవ ఎంత దూరంలో ఉందో మా వాడు ఎందుకు లెక్కించాలి?

లెక్కల మాస్టారు:
పాలిటెక్నిక్‌లో సివిల్ తీసుకుంటే సర్వేలో మొదటి రోజు నుంచే కావాలండీ. పదిలో తీసేస్తే, ఇంటి దగ్గర చెప్పేవాళ్లు లేని పిల్లలే ముందు వెనకబడతారు. వాయిదాల కాగితానికి వారంలో రెండు పీరియడ్లు చాలు. రివిజన్ పరీక్షలు కొన్ని తగ్గిస్తే ఆ సమయం దొరుకుతుంది.

మద్దిలపాలెం వాసి:
రివిజన్ తగ్గిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు మాస్టారూ. మార్కులు రాని పాఠం పిల్లలూ వినరు. పబ్లిక్ పరీక్షలో వాయిదాల మీద ఒక ప్రశ్న తప్పనిసరి చేయమనండి, బడులే నేర్పుతాయి.