‘ఆచార్యాత్ పాదమాదత్తే’: అంతర్ముఖుడు, బహిర్ముఖుడు, రెండు విభక్తులు

‘అంతర్ముఖుడు’ అనే మాటను బిడియస్తుడనే అర్థంలో వాడవచ్చునా అని మిత్రులొకరు అడిగారు. వాడకూడదనే నా అభిప్రాయం. ఇందులోని ముఖం మొహం కాదు, ‘తూర్పుముఖంగా’ అన్నప్పటి దిశ. 1921లో మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అనే విభజనను విపులంగా వివరించినప్పుడు చూసినది కూడా మనశ్శక్తి ఎటు మళ్లుతుందన్నదే. నలుగురిలో నోరు పెగలకపోవడం వేరే సంగతి.

అయితే లోచూపు గలవాడే జ్ఞాని అవుతాడని, మాటకారిది పైపై చదువని ఇంకొకరు అన్నందుకు, ఒక పాత శ్లోకాన్ని విభక్తులతో సహా చదవాలనిపిస్తున్నది.

ఆచార్యాత్ పాదమాదత్తే పాదం శిష్యః స్వమేధయా
పాదం సబ్రహ్మచారిభ్యః పాదం కాలక్రమేణ చ

శిష్యుడు చదువులో నాలుగో వంతు గురువు నుండి, ఒక వంతు తన మేధతో, ఒక వంతు సహాధ్యాయుల నుండి, మిగిలినది కాలక్రమంలో గ్రహిస్తాడని భావం. గురువుకూ సహాధ్యాయులకూ ‘నుండి’ అనే అర్థమిచ్చే పంచమి వచ్చింది, మేధకూ కాలక్రమానికీ ‘చేత, తో’ అనే అర్థమిచ్చే తృతీయ వచ్చింది. అంటే ఆ రెండూ వెలుపలి నుండి అందేవి, ఈ రెండూ అందినదానిని మనదిగా చేసేవి.

‘ధీర్ధారణావతీ మేధా’ అని అమరకోశం. నిలుపుకోగల బుద్ధే మేధ కనుక అంతర్ముఖుని బలం ఇక్కడున్నదనవచ్చును. కాని నాతో చదివిన ఒకడు లెక్కను ఎంతసేపు మౌనంగా చూసినా తప్పు పట్టలేకపోయేవాడు. పక్కవాడికి వివరించబోయి, మూడో మెట్టులో ‘కాబట్టి’ అని ఆగి, ఆ ‘కాబట్టి’ నిలవదని తానే గ్రహించి వెనక్కి వెళ్లేవాడు. ఆ పక్కనే నేను, అడగవలసిన సందేహాన్ని అడగక, తప్పు అర్థాన్నే నెలల తరబడి భద్రంగా దాచుకున్నాను. ధారణకు తప్పొప్పుల విచక్షణ లేదు.

ఇక వివేకమన్న మాటకు మూలార్థం వేరుచేయడం. అనుభవం వడపోసేదాకా అది మౌనికీ రాదు, మాటకారికీ రాదు. నాలుగో పాదంలో ఎవరికీ రాయితీ కనిపించదు.

చివరగా ఒక కొంటె ఊహ. ‘సబ్రహ్మచారిభ్యః’ అన్న రూపం ‘కొరకు’ అనే అర్థమిచ్చే చతుర్థీ బహువచనానికి కూడా చెల్లుతుంది. ‘ఆదత్తే’ (గ్రహిస్తాడు) అన్న క్రియ ఉన్నందున ఇక్కడ పంచమియే సరి, సందేహం లేదు. అయినా సహాధ్యాయులకు చెబుతూ చెబుతూ నేర్చుకున్న ఆ మిత్రుని తలచుకుంటే, ఆ చతుర్థిని కొట్టివేయడానికి నాకు మనసొప్పడం లేదు.