నాచు ఈగల్లో ఫ్రిజిడా ఏది, పిలిపెస్ ఏది?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను న్యూకాజిల్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ప్రాజెక్ట్ కోసం విట్లీ బే దగ్గర, సెయింట్ మేరీస్ దీవి ఒడ్డున కుళ్లుతున్న సముద్రపు నాచు కుప్పల్లో ఈగలు పట్టాను. అన్నీ చదునుగా, నల్లగా ఉన్నాయి. పెద్దవి సీలోపా ఫ్రిజిడా, చిన్నవి సీలోపా పిలిపెస్ అని విడదీసేస్తే సరిపోతుందా? త్వరలో గైడ్‌కి లెక్క చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, సైజును మాత్రం నమ్మకు. ఫ్రిజిడా మగ ఈగల్లోనే చిన్నవీ పెద్దవీ విపరీతంగా ఉంటాయి. వాటి మొదటి క్రోమోజోమ్‌లో ఒక పెద్ద భాగం తిరగబడి ఉంటుంది. దాంట్లో ఆల్ఫా, బీటా అని రెండు రూపాలున్నాయి. రెండు ఆల్ఫాలు వచ్చిన మగది, రెండు బీటాలు వచ్చిన మగదానికంటే దాదాపు మూడు రెట్లు బరువు తూగుతుంది. పైగా పురుగు దశలో కుప్ప కిక్కిరిసిపోయి తిండి చాలకపోతే ఈగ ఎలాగూ చిన్నదే అవుతుంది. కాబట్టి నువ్వు పెట్టుకున్న రెండు గుట్టల్లోనూ ఫ్రిజిడా ఉండే అవకాశం ఎక్కువ.

చూడాల్సింది మగవాటి కాళ్లు. ముందు మగవి ఏరుకో. స్టీరియో మైక్రోస్కోప్ కింద ఈగను పక్కకు తిప్పి, తొడ తర్వాతి భాగం, అంటే టిబియా మీద ఫోకస్ పెట్టు. పిలిపెస్ మగదానికి అక్కడ పొడవాటి మెత్తని వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి, కాలికి ఊలు చుట్టినట్టే కనిపిస్తుంది. ఫ్రిజిడా మగదానికి వెంట్రుకలు లేకపోలేదు కానీ ఆ ఒత్తు ఉండదు, గట్టి ముళ్లే కొట్టొచ్చినట్టు కనబడతాయి. రెండింటినీ ఒకే గాజు పళ్లెంలో పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూశావంటే ఆ తర్వాత పది రెట్ల భూతద్దంతో కూడా మగవాటిని పోల్చుకోగలవు.

ఇంకో సభ్యుడు: అక్క చెప్పిన దానికి ఒక చిన్న మాట. ఆల్కహాల్‌లోంచి తీసిన ఈగ కాలి మీద వెంట్రుకలు తడికి అతుక్కుపోతాయి. అప్పుడు పిలిపెస్ కాలు కూడా నున్నగా అనిపిస్తుంది. ఆల్కహాల్‌లో మునిగి ఉండగానే చూడండి, వెంట్రుకలు విడివిడిగా తేలతాయి. లేదా పిన్ను గుచ్చి బాగా ఆరనివ్వండి.

ప్రశ్న: థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. నా శాంపిల్‌లో ఆడవి చాలా ఉన్నాయి. వాటిని ఎలా చూడాలి?

జవాబు: అక్కడే కష్టం. ఆడవాటికి ఆ ఊలు ఉండదు, తేడా బాగా సన్నగిల్లిపోతుంది. ఖాయం చేసుకున్న మగవాటితో పాటు పట్టినవైనా సరే, ఆ ఆధారం మీద ఆడవాటికి జాతి పేరు రాయకు. ఈ రెండు జాతులూ ఒకే కుప్పలో కలిసి బతుకుతాయి. మ్యూజియంలో పేరు ఖాయమైన నమూనాలు దొరికితే వాటితో పోల్చి చూడు. కుదరకపోతే ‘సీలోపా, ఆడ’ అని ఊరుకోవడమే నిజాయితీ. లెక్కను మగవాటితోనే కట్టి, ఆ సంగతి రిపోర్టులో రాయి. ఏ గైడూ దానికి తప్పు పట్టరు, ఊహించి రాస్తే మాత్రం పడతారు.

ప్రశ్న: కొన్ని బూడిద రంగువి కూడా ఉన్నాయి. కుప్ప దగ్గరికి వెళ్లగానే లేచి ఎగిరిపోతున్నాయి. ఇవీ సీలోపాలేనా?

జవాబు: అవి ఫుసెల్లియా అయ్యుండొచ్చు, వేరే కుటుంబం. పక్కనుంచి చూడు: ఫుసెల్లియా ఛాతీ ఉబ్బెత్తుగా ఉంటుంది, సీలోపాది పైనుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది. ఎండగా ఉంటే ఫుసెల్లియాలు నాచు పైన పరుగులు పెడుతుంటాయి. సీలోపాలు ఎక్కువగా లోపలి పొరల్లో దూరి ఉంటాయి, నాచు తిరగేస్తే బయటపడతాయి.

అయితే చదునుగా ఉన్నదల్లా సీలోపా అనుకోకు. ఆరిగ్మా లక్టువోసమ్ అనే ఇంకో నల్ల ఈగ కూడా ఇవే కుప్పల్లో, ఇంతే చదునుగా ఉంటుంది. అది సెప్సిడే కుటుంబానిది. అందుకే ముందు కుటుంబాల కీ (లక్షణాలు ఒక్కొక్కటే చూసుకుంటూ ఈగ ఏ కుటుంబానిదో తేల్చే పట్టిక) పూర్తిగా దాటించి, తర్వాత కాళ్ల దగ్గరికి రా. అనుమానంగా ఉన్న మగవాటి ఫోటోలు ఇక్కడ పెట్టు. ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి, ఒకటి టిబియా దగ్గరగా. పక్కన స్కేలు పెట్టడం మరిచిపోకు.