పదో తరగతి తరువాత ఏ గ్రూపు తీసుకోవాలో బడిలో చెప్పాలా, ఇంటికి వదిలేయాలా?

కందుకూరు ఉపాధ్యాయుడు:
పరీక్షలైనా ముగియకముందే ప్రైవేటు కళాశాలల పీఆర్వోలు ఇంటింటికీ తిరిగి ఎంపీసీ సీట్లు నింపుకొంటున్నారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చనీ, ఒంగోలు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల సమీకృత కోర్సులో ప్రవేశం ఉందనీ మా పిల్లల్లో చాలామందికి గడువు దాటాక గాని తెలియదు. కనుక తొమ్మిదో తరగతి నుంచే నెలకొక పీరియడ్ ఇందుకు కేటాయించి, మార్కులను బట్టి ఎవరికి ఏది తగునో ఉపాధ్యాయులే సూచించాలని నా ప్రతిపాదన.

చీమకుర్తి తండ్రి:
మాష్టారూ, మీ చివరి మాటతోనే నాకు పేచీ. నేను గ్రానైట్ క్వారీలో పనిచేస్తాను. మార్కులు చూసి సూచించడం మొదలుపెడితే, ట్యూషన్‌కు స్తోమత లేని మావాడికి డిప్లొమా, డాక్టరుగారి అబ్బాయికి నీట్ అని బడే గీత గీసినట్లవుతుంది. పదిహేనేళ్లకే ఆ ముద్ర ఎందుకు?

ముత్తుకూరు మత్స్యశాస్త్ర పట్టభద్రుడు:
ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది గాని, నా అనుభవం మాష్టారి వైపే మొగ్గుతుంది. రొయ్యల చెరువు గట్టు మీద పెరిగిన నాకు, మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న ముత్తుకూరులో నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ చెబుతారని నీట్‌లో ర్యాంకు రాక దిగాలుపడిన రోజు దాకా తెలియదు. బైపీసీ చదివాను గనుక సరిపోయింది. అన్నయ్యలాగే ఎంపీసీలో చేరి ఉంటే ఆ సీటుకు అర్హతే ఉండేది కాదు. మేత ఎందుకు మిగిలింది, నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున ఎందుకు తగ్గింది అని నాన్న అడిగే ప్రశ్నలే నా పాఠాలయ్యాయి. (అవి ఆయనకు నాకంటే బాగా తెలుసుననుకోండి.) అందుచేత బడి అన్ని దారులనూ, వాటి అర్హతలనూ, గడువులనూ, ఖర్చులనూ చెప్పాలి, నీకిదే తగునని మాత్రం చెప్పరాదు.

కందుకూరు ఉపాధ్యాయుడు:
చీమకుర్తి నుంచి రాసిన తండ్రిగారి అభ్యంతరం సబబే. మార్కులను బట్టి సూచించాలన్న మాటను ఉపసంహరించుకొంటున్నాను. పీరియడ్ కావాలన్న మాటను కాదు. అయితే పిల్లలకు ఎంత చెప్పినా ఫీజు కట్టేది పెద్దలే గనుక వారినీ కూర్చోబెట్టాలి. పగటిపూట సమావేశం పెడితే పొగాకు గ్రేడింగు పనికి వెళ్లే తల్లులు రాలేరు. సాయంత్రం ఆరు దాటాక బడి తెరిచి ఉంచేందుకు మా ప్రధానోపాధ్యాయుడిని అడగబోతున్నాను.