అప్‌డేట్: ఆఫర్ హెడ్‌ఫోన్స్, ఎడమ చెవిలో గుర్రుమనే చప్పుడు తగ్గింది

ఓపెన్ బాక్స్ ఆఫర్‌లో (ఎవరో కొని వెనక్కిచ్చినవి తక్కువకి అమ్మడం) కొన్న హెడ్‌ఫోన్స్‌లో నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి రొదను తగ్గించే ఫీచర్) ఆన్ చేసి మెట్రో ఎక్కితే ఎడమ చెవిలో గుర్రుమంటోందని అడిగింది నేనే. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

రీసెట్, ఫర్మ్‌వేర్ (హెడ్‌ఫోన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, ఫోన్ మార్చడం... దేనివల్లా ఏం ఒరగలేదు. "కుషన్ ఊడదీసి చూడండి" అన్నవారి మాటే నిజమైంది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో రిపేర్ చేసే ఒకాయన ఊడదీసి చూపించాడు: నాయిస్ క్యాన్సిలింగ్ కోసం చెవి దగ్గరి శబ్దాన్ని పట్టే లోపలి మైక్ జాలీ మీద తలనూనె, దుమ్ము కలిసి నల్లటి ముద్ద. (నేను తలకి నూనె రాయను. ఓపెన్ బాక్స్ మహిమ!) పైగా కుషన్ క్లిప్ ఒకటి సరిగ్గా కూర్చోలేదు. పొడి బ్రష్‌తో తుడిచి, టక్కుమనేదాకా నొక్కాడు. 150 రూపాయలు.

ఇప్పుడు అమీర్‌పేట్ దాకా రైలు రొద లేదు. పక్క సీటాయన ఫోన్ ముచ్చట్లు మాత్రం వినపడుతూనే ఉన్నాయి. మాటల్ని నాయిస్ క్యాన్సిలింగ్ అంతగా ఆపదట.