అమెరికాలో తమ్ముణ్ణి అరెస్ట్ చేశారట, ఏ కౌంటీ జైల్లో ఉన్నాడో ఎలా కనుక్కోవాలి?

నల్లకుంట_అన్న

అందరికీ నమస్తే. విషయం అర్జెంట్. మా బాబాయ్ కొడుకు డాలస్ వైపు ఎంఎస్ చదువుతున్నాడు. శనివారం రాత్రి (వాళ్ల టైం) ఫ్రెండ్ బర్త్‌డే నుంచి కార్లో వస్తుంటే పోలీసులు ఆపి, తాగి నడుపుతున్నాడని బేడీలు వేసి తీసుకెళ్లారట. పక్క సీట్లో ఉన్న రూమ్మేట్ క్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చి మాకు ఫోన్ చేశాడు. పాపం ఆ పిల్లాడే వణికిపోతున్నాడు, ఏ పోలీసులు, ఎక్కడికి తీసుకెళ్లారు అంటే "ఫ్రిస్కో దగ్గర అన్నా" తప్ప ఇంకో ముక్క రావట్లేదు. తమ్ముడి ఫోన్ స్విచాఫ్.

గూగుల్‌లో వాడి పేరు కొట్టి అరెస్ట్ రికార్డ్ అని వెతికితే బోలెడు సైట్లు వస్తున్నాయి. ఒకదాంట్లో పేరు, రాష్ట్రం ఇచ్చాను. పచ్చ గీత మెల్లగా నిండుతూ, జైలు రికార్డులు చూస్తున్నాం, కోర్టు రికార్డులు చూస్తున్నాం అని కాసేపు ఆడించి, చివర్లో "రికార్డు దొరికింది" అని ఎర్రక్షరాల్లో చూపించి క్రెడిట్ కార్డ్ నంబర్ అడిగింది. కట్టాలా వద్దా? అసలు ఇవి గవర్నమెంట్ సైట్లేనా? పిన్నికి ఇంకా చెప్పలేదు, బాబాయ్‌కి మాత్రం తెలుసు. తెలిసినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి.

ఫ్రిస్కో_బావ

బ్రో, కార్డ్ నంబర్ ఇవ్వకు. అవన్నీ ప్రైవేటు దుకాణాలు. నీ తమ్ముడి పేరు కాదు, "అప్పారావు సుబ్బారావు" అని కొట్టినా రికార్డు దొరికిందనే చెప్తాయి. నిన్న రాత్రి జరిగిన అరెస్ట్ వాటిలో ఉండే అవకాశం ఎలాగూ తక్కువే. అసలు రికార్డు షెరిఫ్ ఆఫీసు సైట్లో ఫ్రీగా ఉంటుంది. ఇక్కడ కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలు నడిపేది షెరిఫే, అంటే ఆ కౌంటీ పోలీసు అధికారి.

ముందు తేల్చాల్సింది ఏ కౌంటీ అని. వాడు ఎక్కడ ఉంటాడు, ఏ యూనివర్సిటీ అన్నది లెక్క కాదు, కారు ఎక్కడ ఆపారన్నదే లెక్క. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, పైగా ఊరి హద్దులు, కౌంటీ హద్దులు ఒకటి కావు. ఫ్రిస్కోనే చూడు, తూర్పు భాగం కాలిన్ కౌంటీ, పడమర భాగం డెంటన్ కౌంటీ. కాలిన్ జైలు మెకిన్నీలో, డెంటన్ జైలు డెంటన్ ఊళ్లో. ఇంకొంచెం దక్షిణానికి దిగాక ఆపి ఉంటే డాలస్ కౌంటీ అయినా కావచ్చు, అప్పుడు డౌన్‌టౌన్ దగ్గర ల్యూ స్టెరెట్ అని పెద్ద జైలుంది, అక్కడికి తీసుకెళ్తారు. రూమ్మేట్‌ని కూర్చోబెట్టి మెల్లగా అడుగు: క్యాబ్ ఎక్కడ ఎక్కాడు? ఆ యాప్‌లో పికప్ అడ్రస్ ఉంటుంది కదా, అది మ్యాప్‌లో పెడితే కౌంటీ తెలిసిపోతుంది. టోయింగ్ వాడు కారు తీసుకెళ్తే ఆ స్లిప్ మీద ఏ పోలీసులు పిలిచారో కూడా ఉంటుంది.

తర్వాత ఆ కౌంటీ సొంత సైట్‌కి వెళ్లి షెరిఫ్ పేజీలో జైల్ లుకప్, ఇన్‌మేట్ సెర్చ్, జైల్ రోస్టర్, ఇలా ఏదో ఒక పేరుతో ఉంటుంది, అందులో వెతుకు. సైట్ అడ్రస్ చివర డాట్ గవ్ ఉంటేనే అసలుదని అనుకోకు, డాలస్ కౌంటీది డాట్ ఆర్గ్‌తో ముగుస్తుంది. డబ్బు అడిగిందంటే మాత్రం అది కాదని అర్థం.

ఇప్పుడే కనపడకపోతే కంగారు పడకు. అక్కడ ఇంకా తెల్లవారలేదు. వేలిముద్రలు, ఫొటో, జేబులో వస్తువుల లిస్టు, నర్సు అడిగే ప్రశ్నలు, ఇవన్నీ అయ్యాకే బుకింగ్ పూర్తయినట్టు, అప్పుడే సైట్లో పేరు ఎక్కుతుంది. వీకెండ్ రాత్రి రద్దీకి గంటలు పడుతుంది. కొన్ని ఊళ్లలో ముందు సిటీ పోలీసుల సొంత లాకప్‌లో పెట్టి తర్వాత కౌంటీకి పంపుతారు, ఆ మధ్యలో కౌంటీ సైట్లో ఏమీ ఉండదు. అందుకే ఫ్రిస్కో పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి రూమ్మేట్ చేత ఫోన్ చేయించు. పేరు, డేట్ ఆఫ్ బర్త్ చెప్తే ఉన్నాడో లేడో చెప్తారు. భయపడాల్సిన పని లేదు, రోజూ అమ్మానాన్నలు, పెళ్లాలు అడుగుతూనే ఉంటారు వాళ్లని. 911కి మాత్రం చేయొద్దు.

ఎడిసన్_పద్మజ

ఫ్రిస్కో బావ గారు చెప్పింది కరెక్ట్. నేను ఒకటి కలుపుతాను, మన తెలుగువాళ్లకి అసలు చిక్కు అక్కడే వస్తుంది: పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందా, లేక మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలోనే పడి సర్‌నేమ్ ఖాళీగా ఉందా చూడండి. ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని వేసి ఉంటారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. జైలు వాళ్లు సాధారణంగా లైసెన్స్ మీద ఉన్నదే ఎక్కిస్తారు, కాబట్టి వెంకట సాయి కృష్ణ లాంటి పేరైతే వెంకట మాత్రమే ఫస్ట్ నేమ్, సాయి కృష్ణ కలిపేసి లాస్ట్ నేమ్, ఇలా ఎటైనా పడొచ్చు. తిప్పి కొట్టండి. ఇంటిపేరు మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి చూడండి, చాలా సైట్లు ఒప్పుకుంటాయి. చౌదరికి ఎన్ని స్పెల్లింగులో మీకు తెలియంది కాదు. పుట్టినరోజు అడిగితే నెల ముందు, తేదీ తర్వాత, అదీ సర్టిఫికెట్‌లో ఉన్నదే, ఇంట్లో కేక్ కోసేది కాదు.

అన్ని కౌంటీల సైట్లు తిరిగే ఓపిక లేకపోతే వైన్‌లింక్ అని, ఎవరు ఏ జైల్లో ఉన్నారో వెతికే సైట్ ఒకటుంది. కెంటకీలోని లూయీవిల్‌లో ఒకమ్మాయిని, జైల్లో ఉన్నాడనుకున్నవాడే బయటికొచ్చి చంపేశాడు, వాడు విడుదలయ్యాడని ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత 1994లో మొదలైంది ఈ వ్యవస్థ. బాధితుల కోసం పెట్టిందే అయినా ఎవరైనా ఫ్రీగా వెతకొచ్చు, విడుదల చేసినా, వేరే జైలుకి మార్చినా మీకు ఈమెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. అన్ని జైళ్లూ అందులో లేవు, అయినా చూడటంలో నష్టమేముంది.

ఇంకో మాట. తమ్ముడికి మీరు ఫోన్ చేయలేరు, వాడే చేయాలి, అదీ చాలాచోట్ల కలెక్ట్ కాల్ (ఎత్తినవాళ్లకి బిల్లు పడేది) లేదా ముందే డబ్బు వేసిన అకౌంట్ ద్వారా. రూమ్మేట్‌ని తెలియని నంబర్ వచ్చినా ఎత్తమనండి. ఆ కాల్స్ రికార్డ్ అవుతాయి. ఎన్ని పెగ్గులు తాగావురా అని ఎవరూ అడగొద్దు, వాడూ చెప్పొద్దు. తిన్నావా, లాయర్‌ని చూస్తున్నాం, అంతే. తెలుగులో మాట్లాడితే వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకునే పని కూడా పెట్టుకోవద్దు.

గుంటూరు_శాస్త్రి

ఇంత తిరుగుడు ఎందుకండీ. హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ ఉంది, వాళ్లకి చెప్తే వాళ్లే మాట్లాడి విడిపిస్తారు.

నేను_లాయర్ని_కాదు

శాస్త్రి గారూ, కాన్సులేట్ విడిపించదండీ. వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ప్రకారం అరెస్ట్ అయిన విదేశీయుడికి తన దేశం కాన్సులేట్‌కి కబురు పంపమని అడిగే హక్కుంది. కొన్ని దేశాలవాళ్ల విషయంలో అడగకపోయినా చెప్పి తీరాలి, ఇండియా ఆ లిస్టులో లేదు. అంటే తమ్ముడు నోరు తెరిచి అడగాలి. హ్యూస్టన్‌కి మెయిల్ పెట్టడం మంచిదే, పెట్టండి, లాయర్ల లిస్టు ఇస్తారు, వెళ్లి కలుస్తారు. బెయిల్ మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ గుర్తుందా, మిషిగన్‌లో హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే పెట్టిన దొంగ యూనివర్సిటీ? 130 మంది దాకా స్టూడెంట్లని పట్టుకున్నారు, ఎక్కువమంది మన పిల్లలే. అప్పుడూ ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది, తెలుగు సంఘాలు లాయర్లని చూశాయి. ఆ కేసులో వాళ్లని పట్టుకున్నది ఇమిగ్రేషన్ వాళ్లు, అందుకని వెతకాల్సిన చోటు కూడా వేరు: ఐస్ (ఇమిగ్రేషన్ పోలీసులు) వాళ్ల సైట్లో డిటైనీ లొకేటర్. అందులో ఎ నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే నంబర్), పుట్టిన దేశం ఇవ్వాలి, లేదంటే పేరు, పుట్టిన దేశం. ఎ నంబర్ ఓపీటీ కార్డ్ (స్టూడెంట్లకి పని చేసుకోవడానికిచ్చేది) మీద ఉంటుంది, మామూలు ఎఫ్1 వీసా స్టూడెంట్‌కి సాధారణంగా ఉండదు. మీ తమ్ముడి సంగతి స్థానిక పోలీసుల అరెస్ట్ కాబట్టి ఇప్పుడైతే కౌంటీలోనే వెతకండి. పేరు దొరికాక ఆ పేజీలో హోల్డ్ లేదా డిటైనర్ అని ఎక్కడైనా ఉందా చూసుకోండి. ఐస్ హోల్డ్ ఉంటే బాండ్ (బెయిల్ డబ్బు) కట్టినా ఇంటికి పంపరు, ఇంకో 48 గంటల దాకా ఆపి వాళ్లకి అప్పగించొచ్చు. అలా ఉంటే డబ్బు కట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

నల్లకుంట_అన్న

దొరికాడు!! క్యాబ్ యాప్ ఐడియాకి దండం బావా. పికప్ పాయింట్ పడమర వైపు వచ్చింది, డెంటన్ కౌంటీ. మొదట పేరు కొడితే రాలేదు, పద్మజ గారు చెప్పినట్టు తిప్పి కొడితే వచ్చింది, ఇంటిపేరు మిడిల్ నేమ్ అయి కూర్చుంది. ఫొటో చూస్తే కడుపులో దేవినట్టయింది, జుట్టంతా చెదిరి, కళ్లు వాచి ఉన్నాయి. హోల్డ్ అని ఏమీ లేదు. ఛార్జ్ దగ్గర డీడబ్ల్యూఐ (తాగి నడపడం), పక్కన ఎంబీ అని ఉంది. బాండ్ గడి ఖాళీ. ఖాళీ అంటే బెయిల్ లేదనా?

ఇంకో సంగతి, ఇందాకే రూమ్మేట్‌కి ఎవరో ఫోన్ చేసి, షెరిఫ్ ఆఫీసు నుంచి డెప్యూటీని, జెల్ (బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపే సర్వీస్) లో 1,200 డాలర్లు వేస్తే గంటలో వదిలేస్తాం అన్నాడట. తమ్ముడి పూర్తి పేరు, ఛార్జ్ కూడా కరెక్ట్‌గా చెప్పాడట. వేసేయమంటారా?

ఫ్రిస్కో_బావ

వెయ్యకు బ్రో, ఒక్క డాలర్ కూడా!! అది స్కామ్. నువ్వు చూసిన పేజీనే వాడూ చూశాడు, పేరు, ఛార్జ్ అందులోనే ఉన్నాయి కదా. ఏ షెరిఫ్ ఆఫీసూ జెల్‌లో, గిఫ్ట్ కార్డుల్లో, బిట్‌కాయిన్‌లో డబ్బు తీసుకోదు. పైగా బాండ్ ఎంతో ఇంకా తేలనప్పుడు వాడికి 1,200 అని ఎలా తెలిసింది?

ఖాళీ అంటే సాధారణంగా ఇంకా మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్లలేదని. టెక్సస్‌లో 48 గంటల్లోపు తీసుకెళ్లాలి, ఆదివారమైనా సరే. ఎంబీ అంటే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరం), మొదటిసారి తాగి నడిపితే సాధారణంగా పెట్టేది. ఫెలనీ (పెద్ద నేరం) అయితే ఎఫ్3, ఎఫ్2 అని ఉండేది. బాండ్ తేలాక రెండు దారులు: మొత్తం క్యాష్ కడితే కోర్టు వాయిదాలన్నిటికీ వెళ్లాక ఫీజులు పోను వెనక్కి వస్తుంది, బాండ్స్‌మన్ (జామీను ఉండే వ్యాపారి) దగ్గరికి వెళ్తే పది శాతం అటూ ఇటూగా తీసుకుంటాడు, అది మళ్లీ రాదు. కట్టాక కూడా బయటికి రావడానికి గంటలు పడుతుంది, గేటు దగ్గర రూమ్మేట్‌ని ఛార్జర్‌తో నిలబెట్టు.

నల్లకుంట_అన్న

మేజిస్ట్రేట్ అయిపోయింది, బాండ్ 1,500 వేశారు. బాబాయ్ స్నేహితుడి కూతురు ప్లేనోలో ఉంది, ఆ అమ్మాయి, వాళ్లాయన వెళ్లి క్యాష్ కట్టారు. ఇంకా లోపలే ఉన్నాడు. పిన్నికి జ్వరం వచ్చి హాస్పిటల్లో ఉన్నాడని చెప్పాం, తర్వాత చూసుకుంటాం. చివరి ప్రశ్న: ఆ ఫొటో, ఆ రికార్డు నెట్‌లో అలాగే ఉండిపోతుందా? రేపు ఉద్యోగం, పెళ్లి సంబంధం, అన్నిటికీ గూగుల్ చేస్తారు కదా.

నేను_లాయర్ని_కాదు

మంచి వార్త. రికార్డు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అరెస్ట్ అయ్యాడని చెప్పేది జైలు రికార్డు. తప్పు చేశాడా లేదా చెప్పేది కోర్టు రికార్డు, అది వేరే చోట, కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటుంది. జైలు పేజీ చూసి వీడు దోషి అనుకునేవాళ్లు చాలామంది, మన వాట్సాప్ గ్రూపుల్లో మరీనూ. అందుకే ఆ స్క్రీన్‌షాట్ బంధువుల గ్రూపులో మాత్రం పెట్టకండి.

జైల్లో తీసిన ఫొటోలు ఎత్తుకెళ్లి పెట్టుకునే మగ్‌షాట్ సైట్లు కొన్నున్నాయి, తీసేయాలంటే డబ్బు అడిగేవి. టెక్సస్ 2013లోనే దీని మీద చట్టం చేసింది, అలాంటి వ్యాపారం తప్పుడు సమాచారం సరిచేయడానికో, తీసేయడానికో డబ్బు వసూలు చేయకూడదు. 2018లో అలాంటి ఒక సైట్ నడిపినవాళ్ల మీద కాలిఫోర్నియా క్రిమినల్ కేసులే పెట్టింది. కాబట్టి డబ్బు కట్టొద్దు, లాయర్ చేత లెటర్ పంపించండి. కేసు కొట్టేస్తే ఎక్స్‌పంక్షన్‌కి అర్హత ఉంటుందేమో లాయర్‌ని అడగండి, అదొస్తే ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్న అరెస్ట్ రికార్డే చెరిపేస్తారు.

కానీ వీసా దగ్గర ఆ చెరపడం పనికిరాదు. డీఎస్160 వీసా అప్లికేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని ఉంటుంది, కేసు కొట్టేసినా అవుననే రాయాలి. తాగి నడిపిన అరెస్ట్ కనిపిస్తే కోర్టు తీర్పు దాకా ఆగకుండా వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచీ ఉంది. వీసా స్టాంప్ రద్దయితే స్టేటస్ (అమెరికాలో ఉండే అనుమతి) పోయినట్టు కాదు, అయినా ఇప్పట్లో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దనండి, బయటికొస్తే కొత్త స్టాంప్ లేకుండా తిరిగి వెళ్లలేడు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ డేటాబేస్‌లో పేర్లు సరిచూసి వేలమంది స్టూడెంట్ల సెవిస్ (విదేశీ స్టూడెంట్ల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఆపేశారు, కొట్టేసిన కేసులున్నవాళ్లవి కూడా. కోర్టుల్లో దావాలు పడ్డాక మళ్లీ పెట్టారనుకోండి. యూనివర్సిటీ డీఎస్ఓతో (విదేశీ స్టూడెంట్ల వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి కలవమనండి.

జైలు పేజీ ఇప్పుడే పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి, బుక్‌ఇన్ నంబర్, తేదీ, అరెస్ట్ చేసిన ఏజెన్సీ కనపడేలా. చాలా కౌంటీల్లో విడుదలయ్యాక ఆ పేజీ మాయమైపోతుంది, రేపు లాయర్‌కీ, ఎల్లుండి కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఏమైందో చెప్పే కాగితం) అడగడానికీ ఆ వివరాలే కావాలి. లైసెన్స్ తీసేసుకుని వాడికో కాగితం ఇచ్చి ఉంటారు, అది పారేయొద్దని చెప్పండి. లైసెన్స్ సస్పెన్షన్ మీద హియరింగ్ అడగడానికి నోటీసు ఇచ్చిన రోజు నుంచి 15 రోజులే టైం.

ఎడిసన్_పద్మజ

పిన్నికి హాస్పిటల్ అని ఎందుకు చెప్పారండీ, ఇప్పుడు ఆవిడ వీడియో కాల్ చేయమంటుంది చూడండి.

నల్లకుంట_అన్న

అడుగుతోంది 😓 అరగంట నుంచి బాబాయ్ ఫోన్ ఎత్తట్లేదు.